లోపలి పిడి

రొట్టెల వ్యానుకు వెనక తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది. లోపల పిడి ఉండదు. రొట్టెలు తమంతట తాము తలుపు తీసుకుని దిగవు కాబట్టి, ఆ వ్యాను చేసినవాళ్లు లోపల పిడి పెట్టలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. దాన్ని అంబులెన్సుగా మార్చింది మా ఆయన. పిడి సంగతి ఆయనకు తోచలేదు. నాకు తోచింది. చెప్పాను. ఆయన నవ్వాడు.

ఇది నలభై ఒక్క ఏళ్ల కిందటి మాట.

అప్పట్లో మా షెడ్డులో అంబులెన్సు అంటే కొత్తగా కొన్న బండి కాదు. ఏదో ఒక బండి ముసలిదైపోయి, చేస్తున్న పని మానేసి, మా దగ్గరికొచ్చి అంబులెన్సు అయ్యేది. బొగ్గు మోసిన లారీ, ఉత్తరాల సంచులు మోసిన వ్యాను, టెలిఫోను పనివాళ్లు నిచ్చెనలు వేసుకుని తిరిగిన బండి, అన్నీ మా గేటు లోపలికి ఒక రంగుతో వచ్చి తెల్లరంగుతో బయటికి పోయేవి. రేకు పని, చెక్క పని మా ఆయనది. పరుపులు, తెరలు, సీట్ల మీద రెగ్జిను కుట్టడం నాది. ఇవి కాక నాకు ఇంకో పని కూడా ఉండేది.

లారీ కింద ఉండే కమాన్ కట్ట, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు, టన్నుల బరువు మొయ్యడానికి చేసినవి. దానిమీద యాభై కిలోల మనిషిని పడుకోబెడితే ఆ బరువు దానికి ఒక బరువే కాదు. కదలకుండా బిగుసుకుని ఉంటుంది. రోడ్డుమీది ప్రతి రాయీ తిన్నగా రోగి నడుముకు తగులుతుంది. అందుకని మా ఆయన కట్టలోంచి పట్టీలు ఒక్కొక్కటే తీసేవాడు. నేల చెక్కల కింద ఇసుక బస్తాలు కట్టేవాడు. ఎన్ని పట్టీలు తియ్యాలి, ఎంత ఇసుక వెయ్యాలి అన్నదానికి కొలత నేను. నన్ను స్ట్రెచరు మీద పడుకోబెట్టి, పొట్టమీద అంచుదాకా నీళ్లు పోసిన గిన్నె పెట్టి, రైలుగేటు దాకా పోయి వచ్చేవాడు. దిగాక నా బట్టలు ఎంత తడిశాయో చూసి మళ్లీ బండి కిందికి దూరేవాడు.

"మీ ఆవిడనెందుకయ్యా కష్టపెడతావు? ఒక బస్తా పడేస్తే పోలా?" అనేవాడు పక్క షెడ్డు మేస్త్రీ.

"బస్తా అరవదుగా," అనేవాడు మా ఆయన.

నాకు భయం ఎక్కువ. పిల్ల బడి నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే నేను ఆ పావుగంటలో లారీ కింద పడ్డ పిల్లను చూసేదాన్ని, నీళ్లలో మునిగిన పిల్లను చూసేదాన్ని. స్ట్రెచరు మీద పడుకున్నా అంతే. బండి కాస్త ఒరిగితే బోల్తా పడిందనుకునేదాన్ని. మా ఆయన ఆ భయాన్ని పనికి వాడుకున్నాడు. నేను అరవకుండా రైలుగేటు దాకా పోయి వచ్చానంటే ఆ బండి అప్పగించడానికి సిద్ధమైనట్టే.

రొట్టెల వ్యానులో మాత్రం నేను అరిచింది కుదుపులకు కాదు. ఆయన దారిలో డీజిలు కోసం దిగి ఎవరితోనో మాటల్లో పడ్డాడు. తలుపు లోపలి నుంచి తీద్దామని చూస్తే పట్టుకోవడానికి ఏమీ లేదు. నున్నటి చెక్క పలక. రెండు చేతులతో బాదాను. ఆయన వచ్చి తలుపు తీసి, "రోగి ఎక్కడికి పారిపోతాడే?" అని నవ్వాడు. పిడి లేకుండానే బండి ఆసుపత్రికి అప్పగించాడు.

ఎనిమిది నెలల తర్వాత ఒక వానరోజు ఆ బండి రోడ్డు పక్క గోతిలోకి జారింది. డ్రైవరు తల స్టీరింగుకు కొట్టుకుని స్పృహ తప్పాడు. వెనక ఒక నర్సు, నొప్పులు పడుతున్న ఒక మనిషి. ముందుకు రావడానికి మధ్యలో చెక్క గోడ, దాంట్లో చెయ్యి పట్టేంత కిటికీ. గంటన్నర తర్వాత సైకిలు మీద పోతున్న పాలమనిషి ఎవరో చూసి తలుపు తీశాడు. అప్పటికే లోపల బిడ్డ పుట్టింది. డ్రైవరుతో కలిపి నలుగురూ బతికారు. ఆసుపత్రివాళ్లు బండితోపాటు మూడు వరసల ఉత్తరం పంపారు. వెనక తలుపుకు లోపలి పిడి అమర్చవలసిందని. మా ఆయన ఆ రోజే ఇనుప పిడి వెల్డింగు చేసి పెట్టాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను చెప్పాను కదా అని నేను అప్పుడు అనలేదు. తర్వాత నలభై ఏళ్లలో అనుకోకుండా కొన్నిసార్లు అని ఉంటాను.

ఇప్పుడు షెడ్డు మా అమ్మాయిది. రేకు సాపు చెయ్యడంలో దాని చెయ్యి వాళ్ల నాన్న చేతికంటే మెత్తన. ఆయనకు మోకాళ్లు పోయాయి. షెడ్డులో మంచం మీద కూర్చుని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ సలహాలు చెబుతుంటాడు. అంబులెన్సులు ఇప్పుడు కంపెనీల నుంచి అచ్చు పోసినట్టు తయారై వస్తున్నాయి. మాకు వచ్చేవి సొట్టలు పడ్డ తలుపులు, గీతలు పడ్డ బంపర్లు. ఏడాదిగా అవి కూడా తగ్గాయి. వేరే ఊళ్లో బస్సు డిపో వాళ్లు అమ్మాయిని పనికి రమ్మన్నారు. అది ఒక నెల ఆగమంది.

ఆ నెల అడిగింది రొట్టెల వ్యాను కోసమే. ఆసుపత్రివాళ్లు వెనక పెరట్లో తుప్పు పడుతున్న నాలుగు పాత బండ్లను బాగుచేయించి, పాత సామాన్లన్నీ చూపించే ఒక హాలులో నిలబెట్టాలనుకున్నారు. రొట్టెల వ్యాను, బొగ్గు లారీ, ఉత్తరాల వ్యాను, నిచ్చెనల బండి. నాలుగూ మా షెడ్డులో పుట్టినవే. ముందు వ్యాను ఒక్కటే ఇచ్చారు. అది నచ్చితే మిగతా మూడూ మావి, రెండేళ్ల పని. నచ్చకపోతే షెడ్డు తలుపులు దించి అమ్మాయి డిపోకు పోతుంది. దాచడానికి ఏమీ లేదు, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

ఆ పని చూసే ఆఫీసరు నలభై ఏళ్ల మనిషి. నెమ్మదస్తుడు. ఎప్పుడొచ్చినా చంకలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక పెద్ద ఫోటో ఉండేది కాబట్టి మా ఆయన ఆయనకు ఫోటో ఆఫీసరని పేరు పెట్టాడు. వ్యాను ఆసుపత్రిలో చేరిన ఏడాది తీసిన ఫోటో అది. వెనక తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక పక్క డ్రైవరు, ఇంకో పక్క ఇద్దరు నర్సులు. లోపలి పలక, తలుపులో బిగించిన చిన్న అద్దం కిటికీ, దాని తెర, అన్నీ కనబడుతున్నాయి. ఆఫీసరు ఇచ్చిన కాగితంలో ఒకటే షరతు. ఫోటోలో ఉన్నవన్నీ ఉండాలి, లేనిదేదీ ఉండకూడదు. ఉంటే బండి తీసుకోరు.

ఆయన భూతద్దం పెట్టి చూసి, లోపలి పిడి దగ్గర ఆగాడు.

"ఇది తర్వాత పెట్టింది. తీసెయ్యాలమ్మా," అన్నాడు అమ్మాయితో.

ఆయన వెళ్లాక నేను అమ్మాయి దగ్గరికి వెళ్లాను.

"తీసేస్తే లోపలున్నవాళ్లు ఎలా దిగుతారే?"

"లోపల ఎవరుంటారమ్మా? చుట్టూ తాడు కట్టి, ముట్టుకోరాదని బోర్డు పెడతారు."

"బోర్డు పెడితే ఆగుతారా? పొగ తాగరాదన్న బోర్డు కిందే కదా మీ నాన్న సిగరెట్టు కాల్చేది."

"మధ్యలో నేనేం చేశానే?" అన్నాడు మా ఆయన మంచం మీది నుంచి.

"పిల్లలొస్తారు. దాగుడుమూతలాడతారు. ఒకడు బండిలో దూరతాడు, ఇంకొకడు తలుపేస్తాడు. సాయంత్రం వాచ్‌మన్ హాలుకు తాళం వేసుకుని పోతాడు. మర్నాడు సెలవు."

"ఎల్లుండో?" అంది అమ్మాయి.

"ఎల్లుండి సంగతి నా నోటితో చెప్పను."

"అమ్మా, ఈ ఒక్క బండికి నీ భయాలు పక్కన పెట్టు. నీకు దండం పెడతాను. పిడి ఉంటే వాళ్లు బండి తీసుకోరు. అంతే."

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మాయి ఇనుము కోసే గ్రైండరు పట్టుకుంది. మూడు నిమిషాలు పట్టలేదు. పిడి నేలమీద పడి కాసేపు వేడిగా ఉంది. చల్లారాక తీసుకెళ్లి నా కుట్టుపెట్టెలో పెట్టుకున్నాను.

తలుపు లోపలి పలక పాతదే వాడాలని ఆఫీసరు గట్టిగా చెప్పాడు. దానికి గరుకు కాగితం రుద్దే పని నాకు అప్పగించారు. పాత పెయింటు పొరలు పోయేసరికి, తలుపు కిటికీ కింది అంచుకు రెండంగుళాల దిగువన బొటనవేలు పట్టేంత కన్నం బయటపడింది. ఎప్పుడో మైనంలాంటిదేదో కూరి దానిమీద రంగు వేసినట్టున్నారు.

"ఎలక కొరికింది," అన్నాడు మా ఆయన.

"ఎలక కొరికితే గరుగ్గా ఉంటుంది. ఇది చూడండి, అంచులు ఎంత నున్నగా ఉన్నాయో."

"శుభ్రమైన ఎలకేమో."

పుట్టీ పెట్టి మూసెయ్యమంది అమ్మాయి. సరేనన్నాను. పుట్టీ డబ్బా పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కన్నంలోంచి చూస్తే లోపల గడియ కనబడుతోంది. బయట పిడి తిప్పితే ఆ ఇనుప నాలుక కిందికి దిగి, పైన ఒక కడ్డీని, కింద ఒక కడ్డీని లాగుతుంది. అప్పుడు తలుపు వస్తుంది. ఆ నాలుకను బయటి నుంచి లాగితేనేం, లోపలి నుంచి లాగితేనేం?

మిషను మీద అంగుళం వెడల్పు కాన్వాసు పట్టీ కుట్టాను. మూడు వరసలు వేశాను. ఒక కొస ఇనుప నాలుకకు చుట్టి కుట్టేశాను. రెండో కొస కన్నంలోంచి ఇవతలికి తీసి, కిటికీ తెర కింది అంచు మడతలో దాచాను. తెర ఫోటోలో ఉన్నదే. దాని కింద ఏముందో ఫోటోలో కనబడదు. తెర వేస్తే పట్టీ బయటివాళ్లకూ కనబడదు.

మధ్యాహ్నం అమ్మాయి భోజనానికి ఇంట్లోకి వెళ్లినప్పుడు బండిలోకి ఎక్కాను. తలుపు పూర్తిగా వెయ్యడానికి ధైర్యం చాలక సందులో ఒక ఇటుక పెట్టాను. తల ఎత్తి చూస్తే ఎదురుగా మా ఆయన. ఎప్పుడు మంచం దిగాడో, గోడ పట్టుకుని ఎలా వచ్చాడో తెలియదు. నా చేతిలో పట్టీ చూశాడు. ఇటుక తీసి పక్కన పెట్టి, తలుపు వేసేశాడు.

"లాగు," అన్నాడు బయటి నుంచి.

లాగాను. తెరుచుకుంది.

"ఇంకో వరస కుట్టు వెయ్యి," అని మళ్లీ గోడ పట్టుకుని వెళ్లి పడుకున్నాడు. అమ్మాయితో ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

బండి అప్పగించే రోజు ఆఫీసరు పొద్దున పదింటికి వచ్చాడు. వెంట డెబ్బై దాటిన ఒక పెద్దావిడను తీసుకొచ్చాడు. సన్నగా, నిటారుగా ఉంది. ఫోటోలో ఉన్న ఇద్దరు నర్సుల్లో ఎడమపక్క ఉన్నామె. పని మానేసి చాలా ఏళ్లయినా ఆఫీసరు ఆమెను సిస్టర్ అనే పిలుస్తున్నాడు. బండి అప్పుడు ఉన్నట్టే ఉందో లేదో ఆమె చెప్పాలి.

సిస్టరమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"తెల్లగా ఉంది," అంది. "ఇంత తెల్లగా ఎప్పుడూ లేదు."

ఆఫీసరు అది కూడా రాసుకున్నాడు. తర్వాత బయటి పిడిని భూతద్దంతో చూసి మెచ్చుకున్నాడు. పాతది ఎప్పుడో పోయింది కాబట్టి, ఫోటో చూసి అమ్మాయి అచ్చు తీయించి కొత్తది పోత పోయించింది. అచ్చం అలాగే ఉంది. దాని మెడ దగ్గర పోతలో గాలిబుడగ ఉండిపోయిన సంగతి ఎవరికీ కనబడలేదు.

"బండి ఆసుపత్రి గేటులోకి వచ్చేటప్పుడు ఫోటోలు తీస్తారు," అన్నాడు ఆఫీసరు. "లోపల ఈ కాలం వస్తువులేవీ కనబడకూడదు."

అమ్మాయి పనిముట్ల సంచి తీసి షెడ్డులో పెట్టేసింది.

సిస్టరమ్మ వెనకే కూర్చుంటానంది. రోగి పక్కన ఉండే మడత సీటు చూపించి, "నా సీటు అదే," అంది. ఆఫీసరు మొహం వెలిగిపోయింది. నేను ఎప్పటిలాగే స్ట్రెచరు మీద పడుకున్నాను, పొట్టమీద నీళ్ల గిన్నెతో. అమ్మాయి స్టీరింగు ముందు, పక్కన మా ఆయన. ఆఫీసరు తన కారులో ముందు వెళ్లాడు. తలుపు పడింది.

"నీళ్లెందుకమ్మాయ్?" అని అడిగింది సిస్టరమ్మ. అరవై దాటిన నన్ను ఎవరైనా అమ్మాయ్ అని పిలిచి చాలా కాలమైంది.

"బండి నడక ఎలా ఉందో చెబుతాయండి."

"మా రోజుల్లో రోగులే చెప్పేవాళ్లు. తిట్లతో కలిపి."

రైలుగేటు దగ్గర నీళ్లు కొద్దిగా ఒలికాయి. ముందు నుంచి మా ఆయన గొంతు మధ్య గోడ కిటికీలోంచి వినబడింది. "ఎన్ని చుక్కలే?"

"అరచేతి మేరండీ."

"పరవాలేదు. పోనివ్వమ్మా."

సిస్టరమ్మ నవ్వలేదు. తలుపు వైపే చూస్తోంది. అక్కడ కోసేసిన చోట ఇనుప మచ్చ రంగు కింద కొంచెం ఉబ్బెత్తుగా ఉంది.

"పిడి తీసేశారా?"

"ఫోటోలో లేదటండీ."

ఆమె వంగి ఆ మచ్చను గోటితో గీకి చూసింది. తర్వాత, "ఆ వానరోజు లోపల ఉన్నది నేనే," అంది.

తెర అంచులో ఏముందో ఆమెకు చెబుదామనుకున్నాను. చెబితే ఆమె మంచి మనసుతోనే ఆఫీసరుతో అనేస్తుందేమో. లేని వస్తువు ఉందని ఆయన కాగితం తీస్తాడేమో. నోరు మూసుకున్నాను. గిన్నె వంక చూస్తూ పడుకున్నాను. నేను భయపడినవేవీ దారిలో జరగలేదు. టైరు పగల్లేదు, బ్రేకు తప్పలేదు, ఇంజను అంటుకోలేదు.

ఆసుపత్రి ముందు బండి ఆగింది. బయట పదిహేను ఇరవై మంది గొంతులు. ఎవరో చప్పట్లు కొట్టారు. తలుపు నేనే తీస్తానని ఆఫీసరు అనడం వినబడింది. పిడి తిరిగిన చప్పుడైంది. తర్వాత టక్‌మని ఇంకో చప్పుడు. చప్పట్లు ఆగిపోయాయి.

"ఊడొచ్చింది," అన్నాడు ఆఫీసరు.

"మెడ దగ్గర విరిగింది," అంది అమ్మాయి. దాని గొంతు నేను గుర్తుపట్టలేనంత సన్నగా ఉంది. "లోపల ముక్క ఉండిపోయింది. కటింగ్ ప్లేరు కావాలి."

"తియ్యమ్మా మరి."

"సంచి షెడ్డులో ఉంది. మీరే కదండీ..." అని ఆగిపోయింది. "ఇక్కడ జనరేటరు గది ఎక్కడ? వాళ్ల దగ్గరుంటుంది." దాని అడుగులు పరుగెత్తుతూ దూరమయ్యాయి.

"ఐదు నిమిషాలమ్మా, కంగారు పడకండి," అని ఆఫీసరు తలుపు మీద మెల్లగా తట్టాడు.

ఐదు నిమిషాలు పెద్ద సంగతి కాదు. నాకూ తెలుసు. పట్టపగలు, ఆసుపత్రి గుమ్మం, చుట్టూ డాక్టర్లు. ఇంతకంటే భద్రమైన చోటు ఇంకోటి ఉండదు. కానీ పైన రేకు ఎండకు కాలుతోంది. లోపల కొత్త పెయింటు వాసన. గిన్నె కింద పెట్టి లేచి కూర్చున్నాను. సిస్టరమ్మ రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని, నోటితో గాలి పీలుస్తోంది. పెదవులు పాలిపోయాయి.

"వాన పడుతోందా?" అని అడిగింది.

"లేదండీ. ఎండ."

"చప్పుడు వినబడుతోంది."

నేను తెర వైపు చూశాను. పట్టీ లాగితే అందరి కళ్లముందూ తలుపు తెరుచుకుంటుంది. ఆఫీసరు చూస్తాడు. మూడు బండ్లు పోతాయి, షెడ్డు మూతపడుతుంది. అమ్మాయి పెట్టె సర్దుకుని డిపోకు పోతుంది. ఐదు నిమిషాలు ఓపిక పట్టలేక అమ్మ చేసిన పని ఇది అని బతికినన్నాళ్లూ గుర్తుంటుంది. లాగకపోతే బహుశా ఏమీ కాదు. అమ్మాయి వస్తుంది, తలుపు తీస్తుంది.

"ఎవరైనా వస్తారంటావా?" అంది సిస్టరమ్మ.

తెర అంచు విప్పి పట్టీ లాగాను. గడియ బిగుసుకుంది. కాలు తలుపుకు తన్నిపెట్టి మళ్లీ లాగాను. కుట్టు ఒక వరస పటపటా తెగింది. రెండోది తెగింది. మిగిలినవి నిలబడ్డాయి. కడ్డీలు జారిన చప్పుడైంది. వెలుగు లోపలికి వచ్చింది.

ఎదురుగా ఆఫీసరు, చేతిలో విరిగిన పిడితో. సిస్టరమ్మను ఇద్దరు పట్టుకుని బండి మెట్టు మీద కూర్చోబెట్టారు. మంచినీళ్లు అడిగింది. నా గిన్నెలో నీళ్లు ఇచ్చాను. సగానికి సగం తాగింది. మొహంలో రంగు మళ్లీ వచ్చింది.

అప్పుడు ఆఫీసరు చూపు వేలాడుతున్న పట్టీ మీద పడింది.

"ఇదేమిటమ్మగారూ?"

"పట్టీ అండీ."

"ఫోటోలో లేదు."

"లేదండీ. నేను పెట్టాను. మా అమ్మాయికి తెలియదు."

అమ్మాయి ప్లేరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. తెరిచిన తలుపు చూసింది, పట్టీ చూసింది, నన్ను చూసింది. "అమ్మా," అంది. ముందు సీట్లోంచి దిగలేక మా ఆయన మెడ తిప్పి చూస్తున్నాడు. ఆఫీసరు జేబులోంచి షరతు కాగితం తీశాడు.

"ఆ ఫోటో ఇటివ్వు నాయనా," అంది సిస్టరమ్మ.

కవరు ఒళ్లో పెట్టుకుని, ఎడమపక్క నర్సు మీద వేలు పెట్టింది.

"ఇది నేను. ఇది తీసింది సోమవారం. పొద్దున్నే మా పెద్ద సిస్టరు వచ్చి, ఆ పీలిక వేలాడుతుంటే ఫోటోలో దరిద్రంగా ఉంటుంది, తీసెయ్యండి అంది. నేనే తీశాను."

"ఏ పీలిక సిస్టర్?"

"బ్యాండేజీ గుడ్డ. బండి వచ్చిన మొదటి నెలలోనే కట్టుకున్నాం. ఇది బయటి నుంచి తప్ప రాదని తెలిశాక ఊరుకుంటామా? కత్తెర మొనతో చెక్కకు కన్నం పెట్టి, గడియకు గుడ్డ కట్టి, ఇదిగో, ఈ కిటికీ కిందనుంచే లాక్కునేవాళ్లం. ఎనిమిది నెలలు అలాగే తీశాం." పట్టీని వేళ్లతో తడిమి చూసింది. "ఫోటో అయ్యాక మళ్లీ కట్టాలనుకున్నాను. పనిలో పడి మర్చిపోయాను. గురువారం వాన పడింది."

మా ఆయన కళ్లు పలక మీద కన్నం దగ్గర ఆగాయి.

"శుభ్రమైన ఎలకండీ," అన్నాను ఆయనకు మాత్రమే వినబడేటట్టు.

ఆఫీసరు ఫోటో వంక, తలుపు వంక మార్చిమార్చి చూశాడు. కాగితంలో ఫోటోలో ఉన్నదానికి ఒక గడి ఉంది, లేనిదానికి ఒక గడి ఉంది. ఫోటో తీసిన రోజు మాత్రమే లేనిదానికి గడి లేదు. చివరికి కాగితం వెనక్కి తిప్పి, "బ్యాండేజీ వెడల్పు ఎంత సిస్టర్?" అని అడిగాడు.

"రెండంగుళాలది. మధ్యకు మడిచి కట్టేవాళ్లం."

రాసుకున్నాడు. కమిటీకి పెడతానని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. బండి వాళ్ల దగ్గర ఉంచుకుని మమ్మల్ని ఆటోలో పంపించారు.

అమ్మాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ అడిగింది.

"తెగగా మిగిలినవి రెండు వరసలు. నువ్వెప్పుడూ పట్టీలకు మూడే వేస్తావు. నాలుగోది ఎవరు వెయ్యమన్నారు?"

"మీ నాన్న."

"ఇద్దరూ ఇద్దరే," అంది. మంచం వైపు చూసింది. మా ఆయన నిద్రపోతున్నట్టు నటించాడు. అది నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నమే కొత్త పిడి మొదలుపెట్టింది, ఈసారి పోత కాదు, ఇనుప కడ్డీని కాల్చి సాగగొట్టి చేసింది. చేశాక ఇనుప దవడల వైసులో బిగించి తన బరువంతా వేసి వేలాడి చూసింది.

పద్దెనిమిదో రోజు ఉత్తరం వచ్చింది. బండి తీసుకుంటున్నారు. బయటి పిడి మార్చాలి. కాన్వాసు పట్టీ తీసి, దాని చోట రెండంగుళాల బ్యాండేజీ మధ్యకు మడిచి కట్టాలి, అది అప్పటిదిగా చూపిస్తారు. మిగతా మూడు బండ్లు వరసగా పంపుతారు. డిపోకు అమ్మాయి రాలేనని రాసేసింది. ఆ కాగితం మీద నన్నే స్టాంపు అంటించమంది.

బ్యాండేజీ గుడ్డ రెండేళ్లలో పీలికలైపోతుంది. అందుకని లోపల కాన్వాసు పట్టీ పెట్టి పైన బ్యాండేజీ చుట్టి కుట్టాను. నాలుగు వరసలు. ఈ సంగతి ఉత్తరంలో అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాతి వారం బొగ్గు లారీ వచ్చింది. అది వానరోజు తర్వాత చేసిన బండి. లోపల రెండు పిడులున్నాయి. ఒకటి ఊడితే ఇంకోటుండాలని అప్పట్లో నేనే పెట్టించాను. ఫోటోలో రెండూ స్పష్టంగా కనబడుతున్నాయి. ఆఫీసరు వేలితో లెక్కపెట్టి కాగితంలో టిక్కు పెట్టుకున్నాడు.

"అమ్మగారూ, ఈ బండిలో మీకేం భయం లేదు కదా?" అన్నాడు.

నేను వెనక తలుపు తెరిచి కిందికి చూశాను. మెట్టుకూ నేలకూ మధ్య మూరెడు ఎత్తుంది.

"దిగేటప్పుడు కాలు జారితేనండీ?" అన్నాను.